కోపంతో పెట్టిన దరఖాస్తు

ధర్మవరంలో పట్టుచీరలు నేసే వీధుల్లో తెల్లవారేసరికి మగ్గాల చప్పుడు మొదలవుతుంది. 1997 జూన్‌లో ఒక ఉదయం జయరాముడి ఇంట్లో మాత్రం మగ్గం ఆగి ఉంది. అతని భార్య నీలావతి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునే ఉంది కానీ నేయడం లేదు. ఒళ్లో అట్ట పెట్టుకుని ఏదో ఫారం నింపుతోంది. ఇరవై ఎనిమిదేళ్ల కోడలు పెన్ను పట్టుకోవడం అత్త తిప్పమ్మకు వింతగా తోచింది.

"ఏమ్మే అది? నేతోళ్ల సొసైటీ కాగితమా?"

"కాదత్తా. హిందూపురంలో నర్సు ట్రైనింగు. మూడేండ్లు. దానికి అప్లికేషన్ పెడతాండా."

తిప్పమ్మ ముఖం నల్లబడింది. "నా కూతుర్ని సంపినోళ్ల గుంపులో చేరతావా? నా ఇంట్లో కూడు తింటా ఉండి?"

ఆ మాట కరకుగా ఉంది. అయితే పాఠకులారా, ఆ కరుకుదనం ఎక్కడిదో తెలుసుకోకుండా ఆమెను తప్పుపట్టకండి. రెండేళ్ల కిందట తిప్పమ్మ ఒక్కగానొక్క కూతురు రామాంజినమ్మను తొలి కాన్పుకు ఒక పెద్దాసుపత్రిలో చేర్చారు. తోడుగా వదిన నీలావతి వెళ్లింది. నొప్పులు ఓర్చుకోలేక రామాంజినమ్మ కేకలు పెడితే, డ్యూటీలో ఉన్న నర్సు ఆమె తొడ మీద ఛెళ్లున కొట్టింది. "మొగుని పక్కన పండుకున్నప్పుడు తెలీలేదా ఈ నొప్పి? నోరు ముయ్యి" అంది. పక్క మంచాల మీది ఆడవాళ్లంతా విన్నారు. వాళ్లూ అలాంటి మాటలు పడ్డవాళ్లే.

బిడ్డ క్షేమంగా పుట్టింది. నీలావతిని వరండాలోకి తోలేశారు. మధ్యాహ్నం ఆమె బతిమాలుకుని లోపలికి వెళ్లేసరికి రామాంజినమ్మ కింద దుప్పటి నెత్తుటితో తడిసి ముద్దయి ఉంది. పెదవులు తెల్లబడ్డాయి.

"ఎవుర్నీ పిల్చలేదేమే?" అని నీలావతి ఏడ్చింది.

"అరిస్తే కొడతాదొదినా" అంది ఆ పిల్ల.

అవే ఆఖరి మాటలు. డాక్టరు వచ్చేసరికి ఆలస్యమైపోయింది.

ఆ తర్వాత రెండేళ్లపాటు ఆ ఇంట్లో రోజూ శాపనార్థాలే. నీలావతికి మాత్రం శాపాలతో తృప్తి కలగలేదు. పెళ్లికి ముందు ఆమె పెనుకొండలో ఇంటర్ బైపీసీ చదివి పాసైంది. ఆ చదువు పదేళ్లుగా మగ్గం గుంటలో పడి ఉంది. ముప్పై ఏళ్ల లోపు వాళ్లు నర్సింగుకు దరఖాస్తు పెట్టుకోవచ్చని పేపర్లో చూసిన రోజే ఆమె నిశ్చయించుకుంది.

భర్త జయరాముడు ఫారం మీద సంతకం పెట్టనన్నాడు. "పరాయి మగోళ్ల ఒళ్లు తుడిచే పని. మానంగా బతికే ఇల్లు ఇది" అన్నాడు. తర్వాత అసలు సంగతి బయటపెట్టాడు. "నువ్వు పోతే మగ్గంలో ఎవురు కూర్చుంటారు?"

స్టడీ సర్టిఫికెట్ కోసం పెనుకొండ కాలేజీకి పోతే అక్కడి గుమాస్తా మూడుసార్లు తిప్పాడు. "పదేండ్ల నాటి రికార్డు ఎవురు ఎతికేది? ఈ వయసులో నర్సయి ఎవుర్ని ఉద్ధరిస్తావమ్మా?" అని నలుగురిలో నవ్వాడు. నాలుగోసారి ఆమె ఆఫీసు గడప దగ్గరే కూర్చుంది. బీరువాకు తాళం వేసే వేళయినా లేవలేదు. అతను విసుక్కుంటూ రాసిచ్చాడు.

ఫారంలో భర్త సంతకమైనా తండ్రి సంతకమైనా చాలు. ఆమె పుట్టినూరు రొద్దం వెళ్లింది. తండ్రి దాసప్ప గొర్రెల దొడ్డి దగ్గర ఉన్నాడు.

"నాయనా, ఈడ వేలిముద్ర వెయ్యల్ల."

"మీ ఆయప్ప ఒప్పుకున్యాడా?"

"లేదు."

దాసప్ప కాగితం అందుకున్నాడు. "చదివే పిల్లను ఆ గుంటలోకి దింపింది నేనే గదమ్మా" అని బొటనవేలు సిరాలో ముంచాడు.

ముప్పై సీట్లకు నాలుగు వందల పైచిలుకు దరఖాస్తులు వచ్చాయి. రాతపరీక్షలో నీలావతి గట్టెక్కింది. ఇంటర్వ్యూకు వచ్చినవాళ్లంతా పద్దెనిమిదేళ్ల పిల్లలు. "పిల్లకు తోడొచ్చినావా అక్కా?" అని ఒకమ్మాయి అడిగింది.

లోపల ముగ్గురున్నారు. కళ్లద్దాల పెద్దమనిషి ఫారం తిప్పుతూ, "మగ్గం నేసేదానివి. మూడేళ్ల మధ్యలో కడుపు తెచ్చుకుని పోతే సీటు దండగ కదా?" అన్నాడు. పక్కనున్న డాక్టరు నవ్వాడు. మూడో మనిషి ప్రిన్సిపాల్ చాముండేశ్వరి. ఇరవై రెండేళ్లు వార్డుల్లో పనిచేసి వచ్చిన నర్సు. ఆమె నవ్వలేదు.

"ఎందుకు నర్సు కావాలి?" అంది.

పొద్దుటినుంచి ప్రతి పిల్లా ఆ ప్రశ్నకు 'సేవ చేయడానికి' అని చెప్పి వెళ్లింది.

"కోపం మేడం" అంది నీలావతి. ఆపైన రామాంజినమ్మ కథ చెప్పింది.

చాముండేశ్వరి ముఖం ఎర్రబడింది. "అరవై మంచాలకు ఒక్క నర్సు. పొద్దున్నుంచి నీళ్లు తాగేదానికి కూడా తీరిక ఉండదు. నీకేం తెలుసని మమ్మల్ని నిందిస్తావు?"

నీలావతి ఆమె ముఖంలోకే చూస్తూ చెప్పింది. "ఆయమ్మ ఒక్కతే ఉండాదని నేనూ చూసినా మేడం. పాపం, కూర్చున్నది ల్యాదు. అయితే మా పిల్లను కొట్టేదానికి ఆ చేతికి తీరిక దొరికింది. నాడి పట్టుకుని చూసేదానికే దొరకలేదు."

"నువ్వు పోవచ్చు" అంది చాముండేశ్వరి.

సీటు పోయినట్టేనని నీలావతి అనుకుంది. నెలన్నర తర్వాత సీటు ఇచ్చినట్టు కార్డు వచ్చినప్పుడు ఆమెకే నమ్మకం కలగలేదు. ఇంట్లో ఎవరూ సంతోషించలేదు. జయరాముడు ముఖం తిప్పుకుని మగ్గంలో కూర్చున్నాడు. ఆమె పెట్టె తీసుకుని బయల్దేరుతుంటే, "నా బిడ్డ పేరు ఆడ యాడా ఎత్తొద్దు" అని తిప్పమ్మ తలుపు వేసుకుంది. ఆ తలుపు చాలా కాలం తెరుచుకోలేదు.

తరగతులు మొదలైన రోజు చాముండేశ్వరి ముప్పై మందినీ నిలబెట్టి చూసింది. ఆమె కళ్లు నీలావతి మీద ఆగాయి.

"నీకు సీటు ఇవ్వొద్దని ఆ రోజు ముందుగా అన్నది నేనే" అంది. "ఆ మాట అని ఇంటికి పోయాను. అన్నం సహించలేదు. మరునాడు నేనే పోయి నీ పేరు రాయించాను."

పిల్లలు బిత్తరపోయి చూస్తున్నారు. ఆమె కుర్చీ వెనక్కి జరిపి నిలబడింది.

"నేనూ కొట్టినదాన్నేనమ్మా. ఎంతమందినో గుర్తు కూడా లేదు. పని ఎక్కువని నాకు నేను చెప్పుకునేదాన్ని. పని ఎక్కువే, అది అబద్ధం కాదు. మనుషుల్ని వెయ్యమని పైవాళ్లతో కొట్లాడాల్సిందే, మీరూ కొట్లాడండి. కానీ ఒక్కటి ఆలోచించండి. అంత అలసటలో కూడా నేను డాక్టరును తిట్టలేదు. ఆఫీసరు మీద చెయ్యెత్తలేదు. నా అలసట ఎప్పుడూ మంచం మీద పడి ఉన్న బీద ఆడదాని మీదకే పోయింది. ఎందుకంటే ఆమె తిరిగి కొట్టలేదు. అలసిపోవడం తప్పు కాదు. అలసట పేరు చెప్పి, తిరిగి కొట్టలేనివాళ్లను ఏరి కొట్టడం పిరికితనం. అది మానుకోనంత కాలం మనం తెల్లచీర కట్టినా, మందులిచ్చినా, మన చేతుల్లో మనుషులు భయంతోనే చచ్చిపోతారు."