కుడి రెక్కకు కావలసిన మోకాళ్ళు

బస్సు బాడీలు కట్టే మేస్త్రీ ఇంటి వెనక షెడ్డులో విమానం కడుతున్నాడంటే మొదట వీధంతా నవ్వింది. ఎడమ రెక్కకు ఎముకలు లేచాక నవ్వడం మానేసి, తమ డాబాల మీదుగా మాత్రం ఎగరొద్దని బతిమాలింది.

రెక్క ముందంచుకు అల్యూమినియం రేకును గుండ్రంగా వంచాలి. దుప్పటి మడిచినట్టు సగానికి మడిచి, పైన చెక్కపలక పెట్టి, పలక మీద బరువు వేయాలి. బరువు ఒక్కసారిగా పడిందా, వంపు రావలసిన చోట నొక్కు పడి రేకు చెత్తలోకే. ఇసుక మూటలతో ఒక రేకు పోయింది. బావమరిదిని కూర్చోబెడితే ఇంకోటి పోయింది. ఆ సాయంత్రం, పలకను బల్ల అనుకుని అత్తగారు వచ్చి కూర్చున్నారు.

ఆవిడ మోకాళ్ళ నొప్పుల మనిషి. గోడ పట్టుకుని అంగుళం దిగి, "అమ్మా" అని ఆగి, మరో అంగుళం దిగి, పూర్తిగా ఆనడానికి ఆరు నిమిషాలు పట్టింది. లేచాక చూస్తే కింద రేకు ముద్దుగా వంగి ఉంది. మర్నాడు ఎడమ రెక్క అసలు రేకు మీద ఆవిడనే కూర్చోబెట్టి, ఏడో "అమ్మా" దగ్గర వంపు కుదిరిందని గోడ మీద సుద్దతో రాసుకున్నాడు. అల్లుడికి అత్తగారి మీద పొంగిన గౌరవం చూసి భార్య కంగారుపడింది.

కుడి రెక్క మొదలయ్యేలోగా అత్తగారికి ఆపరేషన్ కుదిరింది. మేస్త్రీ డాక్టరును పక్కకు పిలిచాడు.

"ఒక మోకాలు ఇప్పుడు చేసి, రెండోది తనిఖీ అయ్యాక చెయ్యకూడదాండీ?"

"ఏం తనిఖీ?"

"రెక్కది."

డాక్టరు అతని కళ్ళలోకి లైటు వేసి చూసి, రెండూ ఒకేసారి చేసేశాడు.

మూడు నెలలకు అత్తగారు మెట్లు రెండేసి ఎక్కుతున్నారు. ఇల్లంతా సంబరపడుతుంటే మేస్త్రీ ఆముదం తాగినవాడిలా తిరిగాడు. తనిఖీ అధికారి సోమవారం వస్తాడు. రెండు రెక్కలూ ఒక్కలా లేకపోతే అనుమతి రాదు, తొమ్మిదేళ్ళ కష్టం కోళ్ళగూడు అవుతుంది. మిగిలింది ఒకే రేకు. ముందుగా పాత ముక్క మీద కూర్చోమన్నాడు. ఆవిడ దబ్బున కూర్చున్నారు, నొక్కు పడింది.

"మెల్లగా అత్తయ్యా."

"మెల్లగానే కూర్చున్నా నాయనా. ఈ కాళ్ళకి ఇంతకంటే మెల్లగా రాదు."

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటారు. మన మేస్త్రీకి కాళ్ళే కావాలి, అవీ పాతవి.

"అమ్మ నడుస్తోందని ఏడ్చే మనిషిని మిమ్మల్నే చూశాను," అంది భార్య. అతనికి నిజంగానే సిగ్గేసింది. అయినా కళ్ళు రేకు మీదే ఉన్నాయి.

"ఆ మంచి రేకు పరుచు," అన్నారు అత్తగారు. "ఆ నొప్పి పన్నెండేళ్ళు పడ్డాను. ఎలా కూర్చునేదాన్నో మర్చిపోతానా?"

గోడ పట్టుకున్నారు. అంగుళం దిగారు. "అమ్మా." మేస్త్రీ అలవాటుగా గోడ మీద గీత గీశాడు.

"ఇక్కడ లోపల గాజుపెంకు తిరిగినట్టుండేది," అని ఆవిడ ఇంకో అంగుళం దిగారు. మరో రెండు గీతలయ్యాక చాలాసేపు ఆగారు. ఎడమ రెక్కప్పుడు కూడా ఇక్కడే ఆగారు. ఆ ఆగడం రేకుకు ఎంత మంచిదో అని అప్పుడు మురిసిపోయాడు.

"ఇక్కడ అమ్మాయి వింటుందని పళ్ళు బిగబట్టేదాన్ని."

ఆ తర్వాత గీత అతను గీయలేకపోయాడు. ఇన్నాళ్ళూ ఆ మూలుగులు లెక్కపెట్టాడే తప్ప ఒక్కటీ వినలేదు.

"చాలు అత్తయ్యా, లేవండి," అన్నాడు. "విమానం పోతే పోయింది."

ఆవిడ వంగి పలక కిందికి తొంగి చూశారు.

"ఉండు నాయనా, ఇంకా వేలెడు దిగాలి. ఇప్పుడు నొప్పి లేదుగా."