మంగళవారం మాట

సురేందర్ మధ్యాహ్నం నుంచీ కాలుగాలిన పిల్లిలా లేబర్ క్యాంపు గేటుకీ రూముకీ మధ్య తిరుగుతున్నాడు. సాయంకాలపు అసర్ నమాజు కాగానే అల్ అమెరాత్ ఊరికి వ్యాను బయలుదేరుతుంది. అక్కడ గ్రిల్స్ షాపు నడిపే జహీరుద్దీన్‌కి ఇద్దరు వెల్డర్లు కావాలి. ఇక్కడ దుక్మ్‌లో సైట్ పని అయిపోయి, కంపెనీ విడుదల కాగితాలు ఇచ్చేసింది. జహీరుద్దీన్ పంపిన ఒప్పందం మీద తోటి వెల్డర్ క్వాబెనా పొద్దున్నే సంతకం చేసేశాడు. సంతకం కాని రెండో కాగితం సురేందర్ జేబులో చెమటకి తడుస్తోంది.

తనూ సంతకం చేసేస్తే ఏమవుతుంది? అవుతుంది మరి! జగిత్యాలలో అక్క సంధ్య పెళ్ళికి పిల్లను చూసిపెట్టింది, సంతకం పెడితే ఇంటికి పోయేది లేదు.

"ఇయ్యాల మంగళారం, ఏం అనకు తమ్మీ," అని పొద్దున ఫోన్ చేసింది. "రేపు పొద్దుగాల సరే అను, ముహూర్తం పెట్టిస్త. ముప్పై నాలుగేండ్లు వచ్చినయ్, ఇంకెప్పుడు?"

మంగళవారం మంచి పని మొదలుపెట్టకూడదని నమ్మే మనిషే సురేందర్. క్వాబెనా ఊళ్ళోనూ అదే తంతు. ఘనాలో అతనిది సముద్రపు ఒడ్డు ఊరు. మంగళవారం అక్కడ సముద్రానికి సెలవు, ఒక్క పడవా కదలదు. పుట్టిన వారాన్ని బట్టే పేరు, మంగళవారం పుట్టాడు గనక క్వాబెనా. ఇద్దరికీ డ్యూటీ లేని రోజూ అదే. రెండేళ్ళుగా మంగళవారాలు ఇసుక మీద చేయీ చేయీ పట్టుకుని కూర్చుంటూ, ఇవి లెక్కలోకి రాని రోజుల్లే అని సురేందర్ తనకు తాను చెప్పుకున్నాడు. ఎంత సుఖమైన అబద్ధం!

"రేపు చెప్తా," అన్నాడు ఇప్పుడూ, గేటు దగ్గర సంచితో నిలబడి సంతకం చేయమంటున్న క్వాబెనాతో.

క్వాబెనాకి ఒళ్ళు మండింది. తనకొచ్చిన సైట్ హిందీలోనే అందుకున్నాడు. "మీ ఊళ్ళో ముందు టైము పెట్టి తర్వాత మనుషుల్ని పిలుస్తారు. మా ఊళ్ళో మనుషులు వస్తేనే టైము అవుతుంది. నేను వచ్చాను. నువ్వే ఇంకా రాలేదు."

సురేందర్ ఫోన్ తీసి అక్కకి కలిపాడు.

"అక్కా, నేను పెండ్లి చేసుకోను."

"ఇయ్యాల ఏం అనకని చెప్పిన గదరా! రేపు మాట్లాడుదం."

"రేపు గూడ ఇదే మాట."

"ఏ పిల్లనన్న మనసుల పెట్టుకున్నవా?"

"పిల్ల కాదక్కా. క్వాబెనా."

వీడియో కాల్లో క్వాబెనాకి అన్నంలో తొక్కు పచ్చడి కలుపుకోవడం నేర్పి పడీ పడీ నవ్విన అక్క, ఇప్పుడు టక్కున ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. సురేందర్‌కి ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

వ్యాను హారన్ కొట్టింది. కాగితం మోకాలి మీద పరిచి, సంతకం చేశాడు.