తలుపుకు ఆనుకుని

"నోట్లె పట్టుకపోయి గోడ అవుతల ఉమ్ముడు కాదు, మింగాలె" అంటూ దుర్గవ్వ కుండలో గ్లాసు ముంచి శిరీష చేతిలో పెట్టింది. పదో తరగతి పిల్ల పెదాలు తడుపుకొని గ్లాసు తిరిగి ఇవ్వబోయింది. దుర్గవ్వ దగ్గర ఆ వేషాలు సాగవు. గ్లాసు అడుగు కనిపించేదాకా ఎదురుగానే నిలబడింది.

దుర్గవ్వ ఆ సర్కారు బడిలో ఆయా. పాల్మాకుల నుంచి నడిచి వస్తుంది. మనిషి ఎండిపోయింది, మోకాళ్లు మాత్రం వాచి ఉంటాయి. మార్చిలోనే మాడు పగిలే ఎండ. ఒంటిపూట బడులు ఇంకా మొదలు కాలేదు. తలమీదుగా విమానం దిగినప్పుడల్లా వంటపాక రేకులు గడగడలాడతాయి. అప్పుడు మాటలు ఆగుతాయి కానీ దుర్గవ్వ చెయ్యి ఆగదు.

ఆ బడిలో ఆడపిల్లలు నీళ్లు తాగరు. మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదు. తాగకపోతే వెళ్లే పనే ఉండదని వాళ్ల లెక్క. దుర్గవ్వ కూతురు సంతోషి కూడా ఇక్కడ అదే లెక్కతో చదివింది. నడుము నొప్పి అంటే తల్లి తైలం రాసింది, జ్వరమంటే కషాయం తాగించింది. నీళ్లు తాగక కిడ్నీలు చెడాయని దవాఖానలో చెప్పేసరికి చేయి దాటిపోయింది. ఆ పిల్ల నీళ్లెందుకు తాగలేదో దినాలయ్యాక స్నేహితురాలు చెబితేగానీ తెలియలేదు. ఆ తైలం వాసన ఇప్పటికీ దుర్గవ్వ అరచేతులను వదలదు.

తర్వాత ఆమె ఇక్కడే పనికి కుదిరింది. గడియ కోసం హెడ్మాస్టరు భీమశంకరరావుగారిని అడుగుతూనే ఉంది. "తప్పకుండా పెట్టిద్దామమ్మా, నిధులు రానివ్వండి" అంటారాయన. ఆయన మర్యాదకేం లోటు లేదు, లేనిదల్లా గడియే.

అందుకని దుర్గవ్వే గడియ అయింది. నీళ్లు తాగించాక వెళ్లి ఆ తలుపుకు వీపు ఆనించి కూర్చుంటుంది. లోపలి నుంచి పిల్లలు బెదురుగా పిలుస్తారు.

"అవ్వా, ఉన్నవా?"

"ఉన్న బిడ్డా, ఉన్న."

ఒక్కోసారి ఆ గొంతు అచ్చం సంతోషిదే. దుర్గవ్వ వెనక్కి తిరగదు. తిరిగితే లోపల ఎవరూ ఉండరేమోనని భయం.

ఆ మధ్యాహ్నం వరుస పెద్దదైంది. తాగినవాళ్లందరూ వచ్చారు, ఆమెకు అంతకంటే ఏం కావాలి! ఎండ గోడ దాటి ముఖం మీదికి వచ్చింది. వంట చేసే తారాబాయి అటు వచ్చి ఆ ముఖం చూసి ఆగిపోయింది.

"అక్కా, పొద్దుగాల్నుంచి నువ్వేమన్న తాగినవా? లే, జరసేపు నేను కూసుంట."

"తాగితే నేను లేవాల్నాయె. నడుమ లేస్తే పిల్లలు బెదురుతరు. నువ్వు పో, గీ వరుస అయిపోనియ్యి."

చివరగా శిరీష లోపలికి వెళ్లింది.

"అవ్వా, ఉన్నవా?"

జవాబు రాలేదు. తలుపు మాత్రం కదలలేదు. ఆ ధైర్యంతోనే పిల్ల నింపాదిగా బట్టలు సర్దుకొని తలుపు తోసింది. తెరుచుకోలేదు.

"అవ్వా, జర జరుగు."

మళ్లీ తోసింది. అవతల దుర్గవ్వ మెల్లగా పక్కకు ఒరిగిపోయింది.

ఆ సాయంత్రమే హెడ్మాస్టరుగారు గడియ బిగించారు. నిధుల మాట ఎవరూ ఎత్తలేదు. ఇంటివాళ్లకు ఇవ్వాలని తారాబాయి దుర్గవ్వ గుడ్డసంచి తెరిచింది. అన్నం గిన్నె, మడిచిన తువ్వాలు. వాటి కింద ఆమె ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్లసీసా, మూత విప్పకుండా, మెడదాకా నిండుగా.