మూడో మంచం మేస్త్రి

అద్దాల బీరువా బిగిస్తుంటే అద్దం పలక జారి, మణికట్టు దగ్గర చిటికెన వేలి వైపు నరం తెగింది. డాక్టర్లు కుట్టారు గానీ చివరి రెండు వేళ్లూ ముడుచుకుపోయి, వడ్రంగి మేస్త్రి కుడిచెయ్యి కోడికాలులా మిగిలింది. పని అటకెక్కింది.

అయితే వైద్య కళాశాల వాళ్లకి ఆ చెయ్యి తెగ నచ్చింది. పుస్తకంలో బొమ్మ ఎలా ఉందో అచ్చం అలాగే ఉందట. పరీక్షలొస్తే చాలు కబురు పెట్టి, ఉతికిన చొక్కా తొడిగి, మూడో నంబరు మంచం మీద కూర్చోబెట్టేవాళ్లు. ఏ నరం పోయిందో పిల్లలు కనిపెట్టాలి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కాగితం పెట్టి లాగితే, బొటనవేలి కొన వంగిందంటే ఆ నరం పని చేయనట్టు. రెండు విడతల్లో మేస్త్రి ఇవన్నీ వంటబట్టించుకుని సగం డాక్టరైపోయాడు.

"చెయ్యి ఆడినన్నాళ్లూ ఒరేయ్ అన్నారే, పడిపోయాక గారూ గీరూ అంటున్నారు" అని ఇంట్లో మురిసిపోయేవాడు.

"మరేం, ప్రొఫెసరు గారు. కంచం తీసి అవతల పెట్టండి, ఎడమ చెయ్యి బాగానే ఉందిగా" అనేది పెళ్లాం.

ఈ మూడో విడత పరీక్షలకి నెల ముందు, వీపు గోక్కుంటుంటే ముడుచుకున్న వేళ్లు వాటంతటవే విచ్చుకున్నాయి. మేస్త్రి గబుక్కున వాటిని మళ్లీ ముడిచేశాడు. పూర్తిగా బాగైతే ఉలి పట్టొచ్చు, అస్సలు బాగవకపోతే మంచం ఎక్కొచ్చు. ఇలా సగం సగం వస్తే రెంటికీ చెడ్డ రేవడి కాడూ? పెళ్లానికి కూడా చెప్పకుండా వేళ్లు ముడుచుకునే తిరిగాడు. అలాగే ముడుచుకుని మూడో మంచమూ ఎక్కాడు.

వచ్చింది ఎవరనుకున్నారు? ఇదివరకు ఇదే మంచం దగ్గర తప్పిన అమ్మాయి.

"కంగారు పడకమ్మా, అంతా పుస్తకంలో ఉన్నట్టే" అన్నాడు మేస్త్రి గుసగుసగా.

"మీరు సాయం చెయ్యకండి బాబాయ్. కిందటిసారి జవాబు అందిద్దామని మీరు దగ్గారు. నేను వెళ్లి మీ ఊపిరితిత్తులు చూశాను."

కాగితం పెట్టి లాగింది. బొటనవేలు బుద్ధిగా వంచాడు. తర్వాత బొటనవేలికీ చూపుడు వేలికీ నడుమ కండ మీద తన వేలు ఆనించి, "చూపుడు వేలు పక్కకి నెట్టండి" అంది. నెట్టకూడదని బిగబట్టాడు. ఆ బిగువుకే కండ చేపపిల్లలా ఎగిరింది.

"ఇది పని చేస్తోంది బాబాయ్."

"అది కొవ్వమ్మా."

"కొవ్వు బిగుసుకోదు."

"నరం పోయిందనే ఫైల్లో ఉంది. నా మాట విని అదే చెప్పి గట్టెక్కు."

ఇంతలో పరీక్ష చేసే పెద్ద డాక్టరు వచ్చాడు. "తెగిన నరం మళ్లీ పని చేస్తోందండీ" అంది అమ్మాయి. ఆయన ఫైలు చూశాడు. పూర్తిగా పోయిందని ఉంది. తనే కాగితం పెట్టి లాగాడు. బొటనవేలు వంగింది.

"మరిదేమిటి?"

"ఆయన కావాలనే వంచుతున్నారండీ."

"అంటే పేషెంటు అబద్ధం, ఫైలు అబద్ధం, నువ్వొక్కదానివే హరిశ్చంద్రుడివి. ఇదే నీ జవాబా?"

ఆయన కలం మార్కుల కాగితం మీదికి వెళ్లింది. అమ్మాయి అది చూసింది. అయినా "అదేనండీ" అంది.

వంకర పలకని వంకరేనని తెగేసి చెప్పిన పనివాణ్ణి మేస్త్రి జన్మలో తిట్టి ఎరగడు. ఇప్పుడు నోరు మూసుకుంటే మంచం దక్కుతుంది, పిల్ల మునుగుతుంది.

"అయ్యా, కాగితం ఇంకోసారి పెట్టండి. ఇందాక సరిగ్గా పట్టలేదు."

ఈసారి బొటనవేలు కొయ్యమేకులా నిటారుగా నిలిచింది. ఆయన లాగాడు. ఇంకా గట్టిగా లాగాడు. కాగితం చిరిగి చెరో ముక్కా మిగిలింది.

"ఎన్నాళ్లైంది?"

"నెలైందండీ."

"చెప్పలేదేం?"

"అడిగితేగా. పొద్దున ఫైలు రాసిన ఇక్కడి చిన్న డాక్టరు గారు నా చెయ్యి ముట్టుకోలేదు. పాత కాగితం చూసి కొత్త కాగితం రాసుకున్నారు."

పెద్ద డాక్టరు ఫైలు వెనక్కి తిప్పి చూశాడు. మూడు విడతలవీ ఒకే వాక్యాలు, తప్పులతో సహా. అమ్మాయికి మార్కులేసి, మూడో మంచానికి వేరే కేసు తెమ్మని కబురంపాడు.

మేస్త్రి ఆస్పత్రి చొక్కా బొత్తాలు తనే విప్పుకున్నాడు. ఆఖరిది కాసేపు సతాయించింది.

"నామీద కోపమా బాబాయ్?" అంది అమ్మాయి.

"కోపమెందుకు. సగం చెయ్యి వచ్చింది, తక్కిన సగం ఉలి నేర్పుతుంది. నువ్వు పాసైనట్టేగా?"

ఆ పిల్ల తలూపేలోగా ఎవరో మోకాలాయన కుంటుకుంటూ వచ్చి మంచం ఎక్కాడు. మేస్త్రి ఆయన వీపు వెనక దిండు సర్ది, చెవిలో అన్నాడు.

"మోకాలు నిజంగానే పాడైందా? ముందే చెప్పండి. ఈ పిల్లల ముందు మన ఆటలు సాగవు."