ముల్లు పదిహేను మీద

క్లినిక్‌లో కుట్లు వేసే సామాన్ల రెండో మూట విప్పబోతూ నర్సు ఎవాంజెలిన్ ఆగింది. మూటకు అంటించిన టేపు మీద గీతలు నల్లబడలేదు. సామాన్లను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్‌లో సరిగ్గా ఉడికితే నల్లబడాలి.

"మారెమ్మా, పొద్దున దీన్ని ఎలా పెట్టావు?" అని ఆయాను అడిగింది.

"ఇంట్లో కుక్కర్ పెట్టినట్టే అక్కా. మూత బిగించి పైన వాల్వు మూసినా. మీటరు ముల్లు పదిహేనుకి వచ్చిండాది. నువ్వూ చూసి సరే అంటివి కదా."

నిజమే, చూసింది. ముల్లును చూసింది, టేపును చూడలేదు. లోపలి గాలి అంతా బయటికి పోయి, ఆవిరి ధారగా వచ్చాకే వాల్వు మూయాలి. ముందే మూస్తే గాలి లోపలే ఉండిపోతుంది. గాలి, ఆవిరి కలిసి ముల్లును పదిహేను పౌండ్లకు నెడతాయి, కానీ వేడి నూట ఇరవై ఒక్క డిగ్రీలకు చేరదు. మీటరు ఒత్తిడినే చూపుతుంది, వేడిని చూపదు.

మొదటి మూటలోని పటకారు, కత్తెరలతోనే గంట క్రితం చెన్నరాయప్ప అరచేతికి ఆరు కుట్లు పడ్డాయి. ఆయన కాడుగోడి రైల్వే స్టేషన్ ముందు ఎళనీరు బోండాలు కొట్టి అమ్ముతాడు. కత్తి జారి తెగింది. షుగర్ ఉంది.

ఆమె చెత్తబుట్టలోంచి మొదటి మూట టేపు వెతికి తీసింది. అదీ తెల్లగానే ఉంది.

"డాక్టరమ్మకి చెప్పొద్దక్కా. ఆయప్పకి మాత్రలిచ్చినాం కదా," అంది మారెమ్మ.

ఎవాంజెలిన్ రిజిస్టర్‌లో నంబరు చూసి చెన్నరాయప్పకు ఫోన్ చేసింది. మూడోసారికి ఎత్తాడు.

"ఎక్కడున్నారు పెద్దాయనా?"

"ప్లాట్‌ఫారం మీద ఉండాను తల్లీ. మాలూరు రైలు వస్తా ఉండాది."

"ఎక్కకండి. వెనక్కి రావాలి."

"నొప్పేమీ లేదు. రేపు వస్తాలే."

"రేపటిదాకా ఆగకూడదు. మీకు కుట్లు వేసిన సామాన్లు సరిగ్గా ఉడకలేదు. చూసుకోవాల్సింది నేను, చూసుకోలేదు."

అవతల రైలు వచ్చి ఆగిన చప్పుడు, జనం తోసుకుంటున్న మాటలు. ఆమె ఫోన్ చెవికి అదిమి పట్టుకుంది. రైలు కూత వేసి కదిలింది.

"పెద్దాయనా?"

"ఉండాను, ఎక్కలేదు. కుట్లు విప్పుతారా?"

"డాక్టరమ్మ చూసి చెబుతారు. విప్పాల్సి రావచ్చు."

"ఆయమ్మకి తెలుసునా?"

"ఇప్పుడే చెబుతా," అని ఎవాంజెలిన్ రెండు టేపులూ చేతిలో పట్టుకుని డాక్టర్ శశికళ గది తలుపు తట్టింది.