సేనాపతి తిరిగొచ్చిన నవల

మా అల్లుడు సేనాపతిని చంపేశాడు. నవలలో ఆయన బతికి ఇంటికొస్తాడు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

ఆ పాత చారిత్రక నవలను టీవీకి సినిమాగా తీశారు. మాటలు రాసింది మా అల్లుడు. ప్రసారమయ్యే రోజు చుట్టాలందరినీ ఇంటికి పిలిచి, నన్ను ముందు కుర్చీలో కూర్చోబెట్టాడు.

సైన్యమంటే పాతికమంది. అందులో ఒక మెల్లకన్నువాడు రెండు పక్షాల తరఫునా పోరాడి రెండుసార్లు చచ్చాడు. రాణికి రాజ్యం పోతుందన్న దిగులు కన్నా పెదాల రంగు చెదురుతుందన్న దిగులే ఎక్కువ. అన్నీ ఓర్చుకున్నాను. చివర్లో సేనాపతి గుర్రం ఒక్కటే తిరిగొచ్చింది. ఆయన భార్య గుమ్మంలో కూలబడింది. గదిలో ఆడవాళ్లు ముక్కులు చీదారు.

"ఎలా ఉంది మామయ్యా?" అన్నాడు అల్లుడు.

"నీకు చదవడం వచ్చా బాబూ?"

"అదేంటి, అలా అంటారు?"

"ఆయన బతికే వస్తాడు. తలుపు తట్టి, ఆకలేస్తోందంటాడు. అక్కడితో అయిపోతుంది. జనాన్ని ఏడిపిస్తేగానీ నీకు తిండి సయించదా?"

ఆ నవల నేను చదవలేదు, విన్నాను. కొట్లో నేను బట్టలు కుడుతుంటే, నా భార్య కత్తిరింపుల బల్ల మీద కూర్చుని పైకి చదివేది. మిషను చప్పుడును మించి గొంతు పెంచేది. యుద్ధం వస్తే నేనే తొక్కడం ఆపేవాణ్ని. నవల అయిపోతే మళ్లీ మొదటినుంచి. ఎన్నేళ్లు చదివినా, ప్రతిసారీ సేనాపతి తలుపు తట్టాడు.

అమ్మాయి లోపలికి వెళ్లి ఆ పుస్తకమే తెచ్చింది. చివరి పేజీ తెరిచి నా ముందు పెట్టింది.

"గుర్రమొక్కటే వస్తుంది నాన్నా. అమ్మే మార్చి చదివింది."

"నీకెవరు చెప్పారు?"

"అమ్మే. పోయేముందు, ఆస్పత్రిలో. మీ నాన్నకి చెప్పకే, మిషను ఆపేసి కూర్చుంటాడు అంది."

అల్లుడి మొహం వెలిగిపోయింది. "చూశారా మామయ్యా. ఉన్నదున్నట్టే రాశాను."

"అచ్చులో ఉందని చంపేశావన్నమాట. ఆమాత్రం ఎవడైనా చేస్తాడు."

ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. నేను ఆ పేజీ చూడకుండానే పుస్తకం మూసి అమ్మాయి చేతికిచ్చాను. నలభయ్యేళ్లు కాపురం చేసింది నాతో, పుస్తకం రాసినవాడితో కాదు. ఆవిడ ఏం చదివిందో అదే నవల.

వచ్చినవాళ్లందరి ముందూ ఒక్కమాట చెప్పి లేచాను. ఈ సంగతి నా దగ్గర ఇంకెవరూ ఎత్తొద్దు. నేనూ ఇక దీని గురించి నోరు విప్పను.