నిన్నటి శాంపిలు

ఫోను పెట్టేసి మా ఆయన గోడకు చేరగిలబడ్డారు. ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

"నిన్న మధ్యాహ్నం మన దగ్గర విందు తిన్న ఆఫీసు వాళ్ళకి వాంతులట. ఒకావిణ్ణి ఆస్పత్రిలో చేర్చారు. కడుపుతో ఉందట. ఏం తినబట్టి వచ్చిందో తెలీక డాక్టర్లు తలలు పట్టుకున్నారు. శాంపిళ్ళ కోసం ఆరోగ్యశాఖ వాళ్ళు బయల్దేరారు."

ఆమె సంగతి విని గుండె కలుక్కుమంది. కానీ మా గురించి నాకు భయం వేయలేదు. పైన గదులు, కింద భోజనాల హాలు ఉన్న ఈ చిన్న హోటల్లో రికార్డుల పని నాది. ఫ్రిజ్ ఎంత చల్లగా ఉంది, ఏ వంట ఎప్పుడు దిగింది, అన్నీ నా చేతిరాతలోనే ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యం శాంపిళ్ళు. విందులో వడ్డించిన ప్రతి వంటకంలోంచీ ఒక గరిటెడు తీసి డబ్బాలో వేసి, టేపు అంటించి, చీటీ మీద తేదీ రాసి, సంతకం పెట్టి మూడు రోజులు ఫ్రిజ్‌లో దాస్తాను. తిన్నవాళ్ళకు ఏమైనా అయితే పరీక్షకు అదే ఆధారం. "ఫ్రిజ్‌లో సగం నీ డబ్బాలదే. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదు" అని మా ఆయన దెప్పని రోజు లేదు.

"ఇప్పుడు తెలిసిందా దాణా ఎందుకో?" అన్నాను. అనాల్సిన సమయం కాదు. నా నోరు అంతే.

వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ తెరిచాను. అన్నం, కూరలు, చివర్న కస్టర్డ్. డబ్బాలన్నీ వరసలో ఉన్నాయి. ఒక్క టేపూ చెదరలేదు. వాటిని బల్ల మీదికి చేరుస్తుంటే మూలనున్న స్టూలు మీంచి మా మామగారు పిలిచారు. పొద్దున ఇచ్చిన కాఫీ ఆయన పక్కన తొరక కట్టి అలాగే ఉంది. చక్కెర జబ్బు మనిషి కదా అని విందు తీపి పెట్టలేదు, అందుకు అలిగారనుకున్నాను.

"అమ్మాయ్, ఆ కస్టర్డ్ డబ్బా వాళ్ళకివ్వకు."

"ఏం మామయ్యా?"

"అందులో ఉన్నది నిన్నటిది కాదు."

తల వంచుకుని చెప్పుకొచ్చారు. నిన్న సాయంత్రం నేను స్నానానికి వెళ్ళినప్పుడు డబ్బా తెరిచి మొత్తం తినేశారు. ఖాళీ డబ్బా కనిపిస్తే నేను ఊరుకోనని, పొద్దున ఇంట్లోకి చేసిన కస్టర్డ్‌లోంచి ఒక గరిటె వేసి మళ్ళీ మూసేశారు. టేపూ చీటీ కెటిల్ ఆవిరి మీద పట్టి ఊడదీశారట. పోస్టాఫీసులో తల నెరిసిన మనిషికి అదెంత పని!

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎన్నాళ్ళనుంచి జరుగుతోందీ భాగోతం?"

"తీపి చేసినప్పుడల్లా."

అంటే ఇన్నాళ్ళూ నేను కంటికి రెప్పలా కాపాడినవి ఉత్త డబ్బాలు. నాలుగు దులిపేద్దామని తల ఎత్తి ఆయన్ని సరిగ్గా చూశాను. పెదాలు ఎండి పగిలాయి. కళ్ళు లోపలికి పోయాయి.

"మీకూ వాంతులవుతున్నాయా?"

"తెల్లారిన దగ్గర్నుంచీ. కాళ్ళు నిలబడటం లేదమ్మా."

"మరి చెప్పరేం!"

"చెబితే డబ్బా సంగతి బయటపడుతుందిగా."

గుమ్మం దగ్గర మా ఆయన అంతా విన్నారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఆయన ముఖం వెలిగింది.

"అంటే డబ్బాలో ఉన్నది పొద్దుటిది! మనం తిన్నాం, ఎవరికీ ఏమీ కాలేదు. పరీక్షలో ఏమీ రాదు. గండం గడిచినట్టే."

"మామయ్యని చూడండి ముందు!"

"ఉప్పునీళ్ళు పట్టు. వాళ్ళు వెళ్ళగానే ఆస్పత్రికి నేనే తీసుకెళ్తాను. అప్పటిదాకా నువ్వు నోరు తెరవకు."

"మరి ఆ కడుపుతో ఉన్నావిడో?"

"డాక్టర్లున్నారు, చూసుకుంటారు. ఈ హాలు మూతపడితే రేపు మనం ఏం తింటామో అది చూసుకో."

ఈ హాలు కోసం ఆయన ఎంత ఒళ్ళు హూనం చేసుకున్నారో నాకు తెలుసు. ఇంతలో బయట బండి ఆగింది.

ఆరోగ్యశాఖ నుంచి వచ్చినామె కళ్ళజోడు సర్దుకుని, చేతులకు తొడుగులు వేసుకుని డబ్బాలు ఒక్కొక్కటే చూసింది. కస్టర్డ్ డబ్బాను వెలుతురుకు పట్టుకుని చీటీ చదివింది.

"ఇంత పద్ధతిగా దాచేవాళ్ళు అరుదండీ. మీ చీటీని నమ్మొచ్చు. సంతకం మీదేనా?"

"నాదే."

ఆమె తను తెచ్చిన ఐసుపెట్టె మూత తీసింది. మా ఆయన కళ్ళు నా మీదే ఉన్నాయి. ఇంట్లో నేను గొంతు ఎత్తితే వీధి చివరికి వినిపిస్తుంది, ఇప్పుడు మాత్రం మిగతా డబ్బాలు సర్దుతూ నిలబడ్డాను. లోపల్నుంచి మామగారు డోక్కోవడం వినిపించింది. ఆ చప్పుడు వింటూ ఇంకెలా ఊరుకుంటాను? ఆమె చేతిలోంచి డబ్బా లాక్కున్నాను.

"సంతకం నాదే. లోపలున్నది మాత్రం నిన్నటిది కాదు."

"నీకేమైనా మతిపోయిందా?" అని మా ఆయన అరిచారు.

ఆమె ఆయన వైపు చూడలేదు. "నిన్నటిది ఏదీ?" అని నన్నే అడిగింది.

"ఇదిగోనమ్మా."

మామగారు గోడ పట్టుకుని వచ్చి నిలబడ్డారు. రెండో చెయ్యి పొట్ట మీద ఉంది.

"నిన్నటిది ఇక్కడుంది. విందులో ఇంకేదీ నేను ముట్టలేదు. వీళ్ళు నాకు పెట్టేది చప్పిడి కూడేగా. తిన్నది ఆ కస్టర్డ్ ఒక్కటే. డాక్టర్లకి ఆ సంగతి..."

మాట పూర్తి కాకుండానే ఆయన మోకాళ్ళు వంగిపోయాయి. మా ఆయన ఒక్క ఉదుటున వెళ్ళి పట్టుకున్నారు. నేల మీద కూలబడి తండ్రి తల ఒళ్ళో పెట్టుకుని "నాన్నా, నాన్నా" అంటూ చెంపలు తట్టారు. కాసేపటికి మామగారు కళ్ళు తెరిచారు. ఆరోగ్యశాఖ ఆమె అంబులెన్సుకు ఫోను చేసింది. వెంటనే ఆస్పత్రికి చేసి, అనుమానం కస్టర్డ్ మీదేనని, అది ఒక్కటే తిన్న ముసలాయన కూడా వస్తున్నారని చెప్పింది.

"విందుకొచ్చిన మిగతావాళ్ళు ఇళ్ళలోనే ఉండి ఉంటారు. అజీర్తి అనుకుంటూ ఊరుకున్నారేమో. వాళ్ళ నంబర్లున్నాయా?"

ఉన్నాయి. విందు పురమాయించినప్పుడు వాళ్ళిచ్చినవి మా ఆయన ఫోనులోనే ఉన్నాయి. నేను చెయ్యి చాచాను. ఆయన ఇవ్వలేదు. తండ్రి ముఖంలోకి చూస్తూ కూర్చున్నారు. తిడతారని సిద్ధపడ్డాను, తిట్టలేదు. జేబులోంచి ఫోను తీసి తనే కలిపి స్పీకరు పెట్టారు.

అవతల ఎవరో మగగొంతు, హుషారుగా ఉంది. "మీకు నూరేళ్ళాయుష్షండీ! ఇప్పుడే మీ మాటే అనుకుంటున్నాం. నిన్న నాకు ఖాళీ లేక తినలేదు గానీ, మీవాళ్ళు కట్టిచ్చిన కస్టర్డ్ ఉందిగా, పిల్లలు గిన్నెలు పట్టుకుని కూర్చున్నారు."

"పెట్టకండి!" మా ఆయన గొంతు చీలిపోయింది. "తిననివ్వకండి, లాగేసుకోండి. అది మంచిది కాదు. మా వంటే, తప్పు మాదే. ఎవరైనా తిన్నారా? ముందు ఆ మాట చెప్పండి బాబూ, ఎవరైనా తిన్నారా?"

ఫోను కింద పడిన చప్పుడైంది. ఆ ఇంట్లో ఎవరో పరిగెత్తడం, ఒక పిల్ల గొల్లుమనడం వినిపించాయి. మా ఆయన ఫోను మీదికి వంగారు.

"లేదండీ" అంది గొంతు, రొప్పుతూ. "చిన్నది చెంచా నోటిదాకా తెచ్చింది."

మా ఆయన కళ్ళు తుడుచుకుని రెండో నంబరు కలిపారు.